సూరమ చెర: ఒక చారిత్రక నవల రాసిన నా అనుభవం

1323లో ఓరుగల్లు కోట ఢిల్లీ సైన్యం చేతికి చిక్కింది. ప్రతాపరుద్రుణ్ణి బందీని చేసి ఢిల్లీకి పంపారు. దారిలో నర్మద ఒడ్డున ఆయన ప్రాణం పోయిందని ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనం చెప్తుంది. తన ఇష్టంతోనే దేవలోకానికి వెళ్లాడని 1423 నాటి అనితల్లి కలువచేరు శాసనం అంటుంది. ఒక్క రాజు చెర గురించి రెండు శాసనాలు. ఆయన ఎక్కడ పోయాడు, ఎట్లా పోయాడు అని ఏడు వందల ఏళ్లుగా మాట్లాడుకుంటూనే ఉన్నాం.

మా పుట్టిల్లు ఖిలా వరంగల్‌లో, మట్టికోటకూ రాతికోటకూ నడుమ. బడి నుంచి రాగానే పుస్తకాల సంచి ఇంట్లో పడేసి కీర్తి తోరణాల దగ్గరికి ఉరికేవాళ్లం. రాజు చెర కథ అక్కడ ఏ ముసలాయనను అడిగినా చెప్తాడు. రాజు వెనక నడిచిన మనుషుల గురించి మాత్రం నేను ఎవరి నోటా వినలేదు. పెళ్లయి కాజీపేటకు వచ్చాక, హైస్కూల్లో తెలుగు టీచర్‌గా చేరాక, ఒకసారి పిల్లలకు కాకతీయుల పాఠం చెప్తుంటే ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి లేచి అడిగింది: "టీచర్, రాజును పట్టుకపోయినప్పుడు మనసొంటోళ్లను కూడా పట్టుకపోయిన్రా?" పట్టుకుపోయారమ్మా అని చెప్పాను. ఎవరిని, ఎంతమందిని, వాళ్లు ఏమయ్యారు అంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. నవల రాయాలన్న ఆలోచన ఆ పాఠంతోనే మొదలైంది.

ఆ కాలపు ఢిల్లీ చరిత్రకారుడు జియాఉద్దీన్ బరనీ ఈ యుద్ధం గురించి రాశాడు. రాజునూ, ఆయన బంధువులనూ, పరివారాన్నీ, ఏనుగులనూ, ధనాన్నీ కదర్ ఖాన్, ఖ్వాజా హాజీల వెంట ఢిల్లీకి పంపారని ఉంటుంది. ఆ వాక్యాన్ని నేను ఎన్నిసార్లు చదివానో. ఏనుగులు వెళ్లాయంటే వాటికి నీళ్లు మోసినవాళ్లు వెళ్లారు. ధనం వెళ్లిందంటే మూటలు ఎత్తి దించినవాళ్లు వెళ్లారు. పరివారం తినడానికి రోజూ ఎవరో ఒకరు పొయ్యి వెలిగించాలి. బరనీ వాక్యంలో వాళ్లకు చోటు లేదు. నేను చోటు చెయ్యాల్సింది వాళ్లకే అనుకున్నాను.

అట్లా సూరమ, కాచన పుట్టారు. ఇద్దరూ నా కల్పనే. సూరమది గానుగ ఆడించే తెలికివారి ఇల్లు. కాచనది రాతిపని. చెరలో పడకముందు ఒకరికొకరు తెలియదు. ఇది ముందే తేల్చుకున్నాను. భార్యాభర్తలను విడదీసి మళ్లీ కలిపే కథలు మనకు చాలా ఉన్నాయి. నాకు కావలసింది వేరు. అన్నీ పోయిన చోట, రేపు ఎవరి చేతికి అమ్ముతారో తెలియని చోట, ఇద్దరు కొత్త మనుషులు ఒకరి మీద ఒకరు ఎట్లా మనసు పెట్టుకుంటారు? అసలు పెట్టుకోగలరా? నవల అంతా ఈ ప్రశ్న వెంబడే నడిచింది.

చదవడం మొదలుపెట్టాక నన్ను కొన్ని రాత్రులు నిద్రపోనివ్వనిది ఒక ధరల పట్టిక. ఓరుగల్లు పడిపోవడానికి కొద్ది ఏళ్ల ముందు అలాఉద్దీన్ ఖిల్జీ ఢిల్లీ బజార్లలో ధరలు కట్టడి చేశాడు. బియ్యం, గోధుమలు, గుర్రాల ధరలతో పాటు మనుషుల ధరలను కూడా బరనీ వరసగా రాసిపెట్టాడు. ఇంటిపని చేసే బానిస పిల్ల 5 నుంచి 12 టంకాలు (టంకా అంటే ఆనాటి వెండి నాణెం). పాలిచ్చే బర్రె 10 నుంచి 12 టంకాలు. అంతే, వేరే మాట లేదు. ఆ పేజీ మూసేసి వంటింట్లోకి పోయి ఊరికే నిలబడ్డాను. సూరమకు పద్దెనిమిదేళ్లని అప్పటికే అనుకుని ఉన్నాను. మా బడిలో పదో తరగతి దాటిన పిల్లలకు ఒకటి రెండేళ్లు ఎక్కువ, అంతే. ఆ తర్వాత బందీల బజారు అధ్యాయం రాసేటప్పుడు వర్ణన ఏమీ పెట్టలేదు. ధర చెప్పాను, కొన్నవాడు ఏం చూసి కొన్నాడో చెప్పాను, ఆమె చేతుల మీద గానుగ నూనె మరకలు ఇంకా పోలేదని చెప్పాను.

ఆ కాలం తిండి గురించి రాయడం అన్నిటికంటే ఎక్కువ పని పెట్టింది, ఎక్కువ సంతోషం కూడా ఇచ్చింది. మిరపకాయ మన దేశానికి పోర్చుగీసువాళ్లు వచ్చిన తర్వాతే వచ్చింది. అంటే 1323లో ఓరుగల్లులో కారం అంటే మిరియాలే. ఎండాకాలంలో ఎనుమాముల మార్కెట్ వైపు గాలి వీస్తే ముక్కు మండే ఊరిలో కూర్చుని మిర్చి లేని వంటిల్లు ఊహించాలి. టమాట లేదు, ఆలుగడ్డ లేదు, పల్లి లేదు. ఇప్పుడు మా చుట్టుపక్కల ఊళ్లల్లో ఎక్కడ చూసినా కనిపించే మక్కజొన్న లేదు. బతుకమ్మలో పేర్చే బంతిపువ్వు కూడా అమెరికా ఖండం నుంచి వచ్చిందే. అందుకే సూరమ తన ఊరిని తలుచుకున్నప్పుడల్లా తంగేడు, గునుగు మాత్రమే పూస్తాయి. మిగిలినవి ఏమిటి? జొన్నలు, సజ్జలు, కొర్రలు, ఉలవలు, నువ్వులు, చింతపండు, అల్లం, ఆవాలు. కాకతీయుల ఓరుగల్లును చూపించే పాత తెలుగు కావ్యం క్రీడాభిరామంలో పూటకూళ్ల ఇంట్లో ఒక్క రూకకు పెట్టే భోజనం ఉంటుంది కదా: కప్పురభోగి బియ్యం అన్నం, గోధుమపిండి వంట, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, గడ్డపెరుగు. అది డబ్బున్న బాటసారి భోజనం. గానుగవాళ్ల పిల్ల తిన్నది జొన్న గటక, పులుసు, మహా అయితే నువ్వులపొడి.

ఈ విషయంలో నాకు పాఠం చెప్పింది మా అత్తమ్మ. ఆమెకు చదువు రాదు. పొద్దున ఆరింటికే వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటది. ముట్టడి అధ్యాయం రాసి ఆమెకు చదివి వినిపించాను. కోట బురుజుల గురించి, ముట్టడి నడిపిన సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ గుడారాల గురించి, అంతకుముందు దండయాత్రలో సుల్తాను చనిపోయాడన్న పుకారు పుట్టి సైన్యం వెనక్కి పోవడం గురించి బాగా రాశాననే అనుకున్నాను. అత్తమ్మ అంతా విని ఒక్క మాట అన్నది: "గవన్నీ మంచిగనే ఉన్నయి బిడ్డా. ఆ పిల్ల పొద్దుగాల ఏం తిన్నది?" నెలల తరబడి ముట్టడి సాగింది కాబట్టి తిండి కరువై ఉంటుందని చెప్పాను. "కరువంటే ఉత్తగ కరువని రాస్తవా? ముందు నెయ్యి పోతది. తర్వాత పప్పు పోతది. తర్వాత గటక గంజయితది. గంజి పలుచనైతది. ఆఖరికి తల్లి తిన్నా అని అబద్ధమాడుతది." ఆమె చిన్నప్పుడు కరువు చూసిన మనిషి. ఆమె చెప్పిన వరసలోనే ఆ అధ్యాయం మళ్లీ రాశాను. ముట్టడి ఎన్ని రోజులు గడిచిందో నవలలో ఎక్కడా లెక్క ఉండదు. సూరమ ఇంట్లో కుండ అడుగును చూసి పాఠకులకే తెలుస్తుంది.

తర్వాత నడక. కోట నుంచి బందీలు ఏ దారిన పోయారో నేనే నిర్ణయించాలి. దేవగిరి అప్పటికే ఢిల్లీ ఏలుబడిలో ఉంది, సైన్యాలు రావడం పోవడం ఆ వైపు నుంచే. కాబట్టి గోదావరి దాటించి దేవగిరి మీదుగా నర్మద వైపు నడిపించాను. కానీ నడవడం అంటే ఏమిటో నా కాళ్లకు తెలియాలి కదా. మే నెలలో ఒక రోజు నేనూ, మా బడిలో సైన్స్ చెప్పే మేడమూ కలిసి తెల్లారకముందే ఖిలా వరంగల్‌లో బయల్దేరాం. హనుమకొండ మీదుగా హసన్‌పర్తి దాకా నడిచాం. మేం చెప్పులు వేసుకున్నాం, నీళ్ల సీసాలు పట్టుకున్నాం, ఇంటికి ఫోన్ చేస్తే బండి వస్తుందన్న ధైర్యం ఉంది. అయినా ఎండ ఎక్కేసరికి నా చూపు కాళ్ల ముందున్న రెండు అడుగుల నేల దాటి పోలేదు. చెట్టు కనబడితే దాని అందం గుర్తు రాలేదు, నీడ ఎంత ఉందో మాత్రమే చూశాను. మాట్లాడుకోవడం కూడా ఆగిపోయింది. పక్కన నడిచే మనిషి ఊపిరి మాత్రం బాగా వినిపించింది.

ఆ రోజు ఇంటికొచ్చి కాళ్లు వేడినీళ్లలో పెట్టుకుని కూర్చున్నప్పుడు వాళ్లిద్దరి పరిచయం ఎట్లా మొదలవ్వాలో తట్టింది. అంతకుముందు నా మనసులో వాళ్ల చూపులు కలిసే సీను ఒకటి ఉండేది. ఆ నడకలో చూపులు కలవవు. కాచన మొదట సూరమ ముఖం చూడలేదు, ఆమె మడమ చూశాడు. ముందు వరసలో నడుస్తున్న ఆడమనిషి కుడి మడమ నేలకు ఆనడం లేదని గమనించాడు. రాత్రి ఆగిన చోట తుమ్మముల్లు ఒకటి విరిచి, ముల్లును ముల్లుతోనే తీశాడు. ఆమె పేరు కూడా అడగలేదు. మర్నాడు ఆమె తనకిచ్చిన జొన్నల్లోంచి పిడికెడు అతని పంచె కొంగులో పోసింది. నవలలో మొదటి నూరు పేజీల్లో వాళ్ల నడుమ జరిగింది ఇంతే. ప్రేమ అన్న మాట పుస్తకం మొత్తంలో ఒక్కచోట కూడా రాయలేదు. చెరలో ఉన్నవాళ్లకు మనసు విప్పి చెప్పుకునే తీరిక ఉండదు. ఈ రోజు నువ్వు పడిపోకుండా చూడటమే వాళ్లకు చేతనైనది, అదే చేస్తారు. ఒకరిని బతికించాలని పట్టుపట్టిన మనిషికి తనూ బతకాలన్న పంతం వస్తుంది. నేను రాయాలనుకున్న ప్రేమ అదే.

ఇక చెప్పడానికి కష్టంగా ఉన్న సంగతి. యుద్ధంలో చిక్కిన ఆడవాళ్లకు ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. దాన్ని రాయకుండా దాటేస్తే అబద్ధం అవుతుంది. రాస్తే, చదివేవాళ్లలో కొందరికి అది వినోదం అవుతుంది. ఎన్నో సినిమాల్లో, నవలల్లో ఆడమనిషి చెరను చూపించే పద్ధతి నాకు నచ్చదు, కెమెరా పట్టుకున్నవాడి చూపు ఎటు ఉందో తెలిసిపోతుంది. చాలా రోజులు ఆ అధ్యాయం దగ్గర ఆగిపోయాను. చివరికి ఆ రాత్రిని వదిలేసి తెల్లవారుజామును రాశాను. సూరమ తిరిగి ఆడవాళ్ల గుంపులోకి వస్తుంది. ఎవరూ ఏమీ అడగరు. ఒక పెద్దావిడ తన వంతు నీళ్లతో ఆమె ముఖం కడుగుతుంది. ఇంకొకామె జుట్టు చిక్కు తీసి జడ వేస్తుంది. ఎడ్లబండి కదిలే వేళకు అందరూ ఆమెను నడుమన పెట్టుకుని నడుస్తారు. ఆ నాలుగు పేజీలు చదివి మా సైన్స్ మేడం ఫోన్ చేసి ఏమీ మాట్లాడలేక పెట్టేసింది. ఆ పేజీల్లో ఒక్క అక్షరం కూడా మార్చొద్దని అప్పుడే అనుకున్నాను.

ఢిల్లీకి పోవడం తప్పనిసరి అయింది. మా ఆయనది రైల్వే ఉద్యోగం, పాసు ఉంటుంది. కాజీపేట నుంచి ఢిల్లీకి దాదాపు 1,500 కిలోమీటర్లు. ఇప్పుడు ఒక పగలు, ఒక రాత్రి. వాళ్లకు ఎన్ని నెలలు పట్టి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఇటార్సీ దాటాక బండి నర్మద వంతెన ఎక్కేసరికి రాత్రయింది. తలుపు దగ్గర నిలబడి చూశాను. రాజు పోయిన ఏటి ఒడ్డు ఎక్కడో ఎవరికీ తెలియదు. నా నవలలో ఆ మరణం చాలా చిన్నది. బందీల వరసలో వెనక ఉన్నవాళ్లకు ఆ కబురు మరునాడు సాయంత్రానికి గానీ చేరదు. ఏడ్చేవాళ్లు ఏడుస్తారు. సూరమ ఏడవదు.

ఇందుకు కూడా అత్తమ్మే కారణం. ప్రతాపరుద్రుడు పోయాడని తెలిసి సూరమ గుండెలు బాదుకున్నట్టు మొదట రాస్తే ఆమె ఒప్పుకోలేదు. "సమ్మక్కను సంపిన రాజు గాదూ ఆయన? కరువుల కప్పం కట్టలేదని దండు పంపలే? ఆయన కోసం నీ సూరమ్మ ఎందుకేడుస్తది?" మేడారం జాతరకు నడిచిపోయి బంగారం (బెల్లం) మొక్కుకునే ఇల్లు మాది. జంపన్న వాగు కథ మా ఇళ్లల్లో అందరికీ తెలుసు. అది చరిత్రా, కథా అన్న చర్చ పండితులకు వదిలేశాను. ఆ కథను ఇన్ని తరాలు మోసిన జనానికి కాకతీయ రాజ్యం అంటే తోరణాలూ రామప్ప గుడీ మాత్రమే కాదని మాత్రం నాకు గట్టిగా అర్థమైంది. కప్పం అడిగే చేయి ఢిల్లీదైనా ఓరుగల్లుదైనా గానుగవాడి ఇంటికి వచ్చేసరికి ఒకటే. కాచనకు రాజంటే భక్తి ఉంటుంది, తన తాతముత్తాతలు రామప్ప గుడికి రాయి మోశారని గొప్పగా చెప్పుకుంటాడు. సూరమకు ఉండదు. ఈ విషయం మీద ఇద్దరూ దారి పొడుగునా గొడవపడతారు. ఆ గొడవలే వాళ్లను దగ్గర చేశాయి.

ఢిల్లీలో నేను చూడాలనుకున్న మొదటి చోటు తుగ్లకాబాద్. గియాసుద్దీన్ తుగ్లక్ కట్టించిన ఆ కోట ఓరుగల్లు పడేనాటికి ఇంకా లేస్తూనే ఉంది. లోపలికి వాలిన ఆ పెద్ద గోడల మొదట్లో నిలబడ్డాను. ఓరుగల్లు మట్టికోట గోడలో ఉక్కు బల్లెం కూడా దిగదని ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో 1310 ముట్టడి గురించి రాస్తూ అంటాడు. అంత గట్టి కోట ఊరి నుంచి తెచ్చిన రాతిపనివాణ్ణి ఇక్కడ ఊరికే ఉంచుతారా? కాచనను ఈ గోడకే పంపించాను. ఎవరి కోట కోసం తన ఊరు కూలిందో వాళ్ల కోటకే రాయి చెక్కాలి. మొదట్లో కావాలని పని చెడగొడదామనుకుంటాడు. చేతికి ఉలి రాగానే చెయ్యి వినదు, రాయి సరిగ్గానే చెక్కుతుంది. ఈ అధ్యాయం నాకు ఇష్టమైనది. అక్కడి వాచ్‌మన్ తాతకు నేనెందుకు ఒకే రాయిని అంతసేపు పట్టుకుని చూస్తున్నానో అర్థం కాక కుర్చీ తెచ్చి ఇచ్చాడు.

రెండో చోటు నిజాముద్దీన్ బస్తీ. ఇరుకు సందుల్లో ఇళ్లు చుట్టూ కమ్ముకున్న చోట ఎనిమిది పలకల సమాధి కట్టడం ఒకటి ఉంది. ఢిల్లీలో ఆ ఆకారంలో కట్టిన సమాధుల్లో అదే మొదటిదని చెప్తారు. అది ఖాన్ ఇ జహాన్ మక్బూల్ తిలంగానీది. తెలంగాణ మనిషి. ప్రతాపరుద్రుడి కొలువులో ఉన్న గన్నమ నాయకుడే ఈయన అని మన చరిత్రకారులు అంటారు. బందీగా పోయి, ఇస్లాం తీసుకుని, మక్బూల్ అయి, తర్వాత ఓరుగల్లుకే పాలకుడిగా వచ్చి, చివరికి ఫిరోజ్ షా తుగ్లక్‌కు వజీరయ్యాడు. చదవడం రాయడం రాకపోయినా మహా తెలివైనవాడని ఫిరోజ్ షా కాలపు చరిత్ర రాసిన షమ్స్ సిరాజ్ అఫీఫ్ అంటాడు. చెర నుంచి బతికి బయటపడే దారుల్లో అది ఒకటి. ఆయన్ని ద్రోహి అనే వాళ్లున్నారు. అక్కడ నిలబడితే నాకు ఆ మాట అనబుద్ధి కాలేదు. నర్మద ఒడ్డున ఆగిపోవడం ఒక దారి, పేరు మార్చుకుని బతకడం ఒక దారి. మూడో దారి సూరమది: వంటింట్లో పిండి పిసుకుతూ, కొత్త భాషలో మాట్లాడుతూ, రాత్రిపూట మనసులో తెలుగులో లెక్క పెట్టుకుంటూ బతకడం.

సూరమ, కాచన మళ్లీ కలుసుకోవడానికి ఒక చోటు కావాలి. ఒకరు అమీరు (సుల్తాను కొలువులో పెద్ద అధికారి) ఇంట్లో, ఒకరు కోట పనిలో ఉంటే ఎక్కడ కలుస్తారు? ఆ రోజుల్లో ఢిల్లీ పక్క ఘియాస్‌పూర్‌లో సూఫీ గురువు నిజాముద్దీన్ ఔలియా బతికే ఉన్నారు. ఆయన వంటశాలలో వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టేవాళ్లు. అక్కడ బంతిలో కూర్చున్న మనిషిని ఎవడివి, ఎక్కడి నుంచి వచ్చావు అని అడగరు. నా నవలలో వాళ్లు ఆ అన్నం వరసలోనే కలుస్తారు. ఓరుగల్లు ముట్టడిని పద్యంలా వర్ణించిన అమీర్ ఖుస్రో కూడా ఆ గురువు దగ్గరికే వచ్చేవాడు. తన ఊరి ఓటమిని అంత అందంగా రాసిన కవి అదే వాకిట్లో తిరుగుతున్నాడని సూరమకు తెలియదు. ఎదురుపడతారు, ఆయన పక్కకు జరిగి దారి ఇస్తాడు, అంతే. దర్గా దగ్గర కూర్చుని ఆ పేజీ అక్కడికక్కడే నోటుపుస్తకంలో రాసుకున్నాను. గురువూ శిష్యుడూ ఇద్దరూ 1325లోనే పోయారు. ఆ ఏడే గియాసుద్దీన్ కూడా పోయి, ఓరుగల్లును గెలిచిన ఉలుగ్ ఖాన్ మహమ్మద్ బిన్ తుగ్లక్‌గా గద్దెనెక్కాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈ కథను హిందువుల మీద ముస్లిముల దాడిగా రాయమని నాకు చాలామంది సలహా ఇచ్చారు. అట్లా రాస్తే ఎక్కువ అమ్ముడవుతుందన్నారు కూడా. సూరమ ఒంటి మీద దెబ్బలను నేను ఒక్కటి కూడా దాచలేదు. ఆమెకు అన్నం పెట్టిన చేతులను దాచడానికి కూడా నాకు మనసొప్పలేదు. మా ఖిలా వరంగల్‌లో, కాజీపేట దర్గా ఉర్సులో పెరిగినదాన్ని. పక్కింటి ఖాలా నాకు సొంత పెద్దమ్మ లెక్క. ఏడు వందల ఏళ్ల కిందటి దుఃఖాన్ని తెచ్చి ఆమె వాకిట్లో పారబొయ్యను.

1327లో మహమ్మద్ బిన్ తుగ్లక్ దేవగిరిని దౌలతాబాద్ పేరుతో రాజధానిని చేసి, అమీర్ల కుటుంబాలను ఢిల్లీ నుంచి అక్కడికి తరలించాడు. ఢిల్లీ నుంచి దౌలతాబాద్‌కు 40 రోజుల ప్రయాణం అని తర్వాత వచ్చిన యాత్రికుడు ఇబ్న్ బతూతా రాశాడు. ఊరు విడిచిపోవాల్సి వచ్చిందని ఢిల్లీవాళ్లు ఏడ్చిన ఆ ప్రయాణమే సూరమకు తన ఊరి వైపు తొలి అడుగు. ఈ సంగతి నోటుపుస్తకంలో తేదీలన్నీ వరసగా రాసుకుంటుంటే కనిపించింది. కథ నేను కల్పించాను గానీ దారి మాత్రం చరిత్రే వేసిపెట్టింది. యజమాని ఇంటి వంటసామానుతో పాటు సూరమ బండెక్కుతుంది, ఒడిలో ఏడాది పిల్లవాడు. కాచన దౌలతాబాద్ కోట పనికి రాతిపనివాళ్లను తీసుకుపోతున్న గుంపులో చేరడానికి ఏం చేశాడో చెప్పడానికి రెండు అధ్యాయాలు పట్టింది. 1336లో కాపయ నాయకుడు ఓరుగల్లును తిరిగి గెలుచుకున్నాడు, పాలకుడిగా ఉన్న మక్బూల్ ఢిల్లీకి వెళ్లిపోయాడు. ఆ కబురు దౌలతాబాద్ బజారుకు చేరిన రోజుతో నా చివరి భాగం మొదలవుతుంది.

రాతప్రతి పూర్తయ్యాక ఒక ప్రచురణకర్తకు పంపాను. ఆయన చదివి రమ్మన్నారు. బాగుందన్నారు, కాచనను రాజుగారి రహస్య అంగరక్షకుడిగా మార్చమన్నారు. చివర్లో ఇద్దరిలో ఒకరు చనిపోవాలన్నారు. ప్రేమ నిలవాలంటే చావు ఉండాలట. నేను ఒప్పుకోలేదు. ఇన్ని వందల పేజీలు ఆ ఇద్దరూ ఒకరినొకరు బతికించుకోవడానికి పాటుపడ్డారు. నా చేతులతో వాళ్లను ఎందుకు చంపాలి? చెరలోంచి బతికి వచ్చినవాళ్ల కథ విషాదం కన్నా తక్కువది అన్నట్టు మాట్లాడటం నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. చివరికి హనుమకొండ చౌరస్తా దగ్గర డీటీపీ చేయించి, దాచుకున్న డబ్బుతో నేనే అచ్చు వేయించాను. ప్రూఫులు మా ఆయనా నేనూ రాత్రిళ్లు కూర్చుని దిద్దాం. అట్ట మీద కత్తి పట్టిన రాజు లేడు, మట్టికోట గట్టు మీద తంగేడు చెట్టు ఉంది.

రాసేటప్పుడు ఎంత టెన్షన్ పడ్డానో, పుస్తకం చేతుల్లోకి పోయాక అంతకంటే ఎక్కువ పడ్డాను. మొదట స్పందన మా పుట్టింటి వైపు నుంచి వచ్చింది. ఖిలా వరంగల్ ఆడవాళ్లు కొందరు వంతులు వేసుకుని చదివారు. చదవడం రాని వాళ్లకు కోడళ్లు చదివి వినిపించారు. వాళ్ల తగువంతా చివరి అధ్యాయం మీదే. సూరమ ఓరుగల్లుకు తిరిగి వచ్చేసరికి పుట్టిల్లు లేదు, గానుగ లేదు, తెలిసిన మనుషుల్లో చాలామంది లేరు. మిగిలిన బంధువులు ఆమెను వాకిట్లోనే నిలబెడతారు. ఎక్కడెక్కడ తిరిగి వచ్చావో, ఎవరి ఇంటి అన్నం తిన్నావో అంటారు. కాచన ఆమె పక్కన నిలబడి ఒక్క మాటా మాట్లాడడు. కొడవలి అడిగి తీసుకుని అక్కడే పాత ఇంటి స్థలంలో పొదలు కొట్టడం మొదలుపెడతాడు. "గట్ల నిలబెట్టిన సుట్టాలను రెండు మాటలు అననియ్యకపోతివి" అని ఒకామె నా మీద కోప్పడింది. ఇంకొకామె, "అననియ్యకపోవుడే మంచిగుంది, ఇల్లు కట్టుకునుడే ఆమె జవాబు" అన్నది. నేను మధ్యలో మాట్లాడలేదు. వాళ్లు సూరమ గురించి పక్కవాడకట్టు మనిషి గురించి మాట్లాడినట్టే మాట్లాడుతుంటే వింటూ కూర్చున్నాను.

ప్రశ్న అడిగిన ఎనిమిదో తరగతి అమ్మాయి ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. పుస్తకం తీసుకుపోయి చదివి వచ్చి ఇంకో ప్రశ్న పట్టుకొచ్చింది. ఢిల్లీలో పుట్టిన సూరమ కొడుకుకు 1336 నాటికి పదేళ్లు. వాడు పుట్టినప్పటి నుంచి విన్నది హిందవీ, ఆడుకున్నది దౌలతాబాద్ పిల్లలతో. ఓరుగల్లు వాడికి సొంతూరా, ఇంకో చెరా? అమ్మ చూపించిన తోరణాలు వాడికి అందంగా కనిపించాయా? రెండో భాగం వాడిదే అవుతుంది. అందుకోసం కాపయ నాయకుడి కాలం మీద దొరికినవన్నీ చదువుతున్నాను. ఆ రోజుల్లో ఓరుగల్లు వీధుల్లో పిల్లలు ఏం ఆటలు ఆడేవారో పాల్కురికి సోమనాథుడి ద్విపదల్లో వెతికి రాసుకుంటున్నాను.